ఉప్పుకొటారు కట్టిన స్థపతి



వాడరేవు ఒడ్డున నిలిచి, తీరము వెంబడి నైరుతి దిక్కుగా సాగిపోవువారికి మోటుపల్లియు, దానికావల చినగంజాము ఉప్పుమళ్ళును తగులును. అచ్చటి పని మీరెరుగనిది కాదు. ఉప్పునీటిని కాలువలద్వారా మళ్ళకు పెట్టుదురు, ఎండకు విడుతురు, నీరు ఇగిరి ఉప్పు పేరుకొనినంతనే చెక్కపలకతో లాగి గట్టున కుప్పవేయుదురు, వానకు కరగకుండ తాటియాకు కప్పుదురు. ఆ పనికి గోడలతోగాని, స్తంభములతోగాని నిమిత్తము లేదు. సూర్యుడే అచ్చటి వంటవాడు. ఆకాశమే అచ్చటి కప్పు.

అట్టి ఉప్పుపనికి దేవాలయమునకు నిలుపదగిన స్తంభములు నిలిపి, కోటకు తగిన ముఖద్వారము పెట్టి, అర్ధచంద్రాకారముగా ఒక ఊరినే కట్టిన స్థపతి ఒకడు ఫ్రాన్సు దేశమున ఉండెను. వాని పేరు క్లాడ్ నికొలా లెదూ. అతడు కట్టినవి కొన్ని నేటికిని నిలిచియున్నవి. అతడు కట్టినవానిలో చాలవాటిని ప్రజలే తగులబెట్టిరి. ఒకని పనితనమును లోకము మెచ్చుటయు, ఆ పనితనమునే లోకము ద్వేషించుటయు ఎట్లు సంభవించెనో తెలిసికొనుట మనకు ఉపయోగకరమని తలచి, నేడు వాని చరిత్రము విన్నవించుచున్నాను.

లెదూ 1736వ సంవత్సరము మార్చి 21వ తేదీన, షాంపేను సీమలోని దొర్మాను అను చిన్న ఊరిలో పుట్టెను. కలిగిన ఇల్లు కాదు. చదువునందలి చురుకుదనముచేత విద్యార్థివేతనము లభించి, పారిసు నగరమున బోవే కళాశాలలో ప్రాచీన గ్రీకు, రోమను గ్రంథములు చదువుకొనెను. తరువాత కొంతకాలము రాగిరేకులపై బొమ్మలు చెక్కి పొట్టపోసికొనెను. ఆ పిదప జాక్ ఫ్రాంస్వా బ్లొండెల్ అను ప్రసిద్ధ ఆచార్యుని పాఠశాలలో వాస్తువిద్య నభ్యసించెను. 1762లో పారిసునందలి ఒక కాఫీదుకాణమునకు లోపలి అలంకారము చేయుటతో అతని పేరు బయటికి వచ్చెను. అది సైనికోద్యోగులు కూడుచోటు. కావున బల్లెములను కట్టలుగా కట్టి, వాటిపై శిరస్త్రాణములు పెట్టినట్లు స్తంభములు తీర్చెను. తరువాత ప్రభుత్వపు అడవులు, జలముల శాఖలో ఉద్యోగియై, మారుమూల పల్లెలలో వంతెనలును, చిన్న చర్చీలును కట్టెను. క్రమముగా ధనికుల భవనములు వచ్చెను. 1771లో పదునైదవ లూయీ రాజునకు ప్రియురాలైన దు బారీ దొరసానికి లూవ్‌సియెన్ గ్రామమున ఒక విహారమందిరము నిర్మించెను. 1773లో రాజకీయ వాస్తు పరిషత్తులో సభ్యుడయ్యెను.

ఆ కాలపు వాస్తురీతిని గూర్చి ఒక్కమాట చెప్పవలసియున్నది. లెదూకు ముందుతరమువారికి గోడలపై తీగెలు, గవ్వలు, పూలచుట్లు, బంగారుపూతలు మెండుగా పెట్టుట ఇష్టము. ఇంతలో ఇటలీలో 1738లో హెర్క్యులేనియమును, 1748లో పాంపేయియు త్రవ్వకములకు ఎక్కెను. అగ్నిపర్వతపు బూడిదక్రింద పదునేడు శతాబ్దములు నిద్రించిన రోమను ఊళ్ళు బయటపడుటతో, పండితుల చూపు ప్రాచీనముమీదికి మరలెను. కొలతలో నియమము, ఆకృతిలో సరళత, అలంకారములో మితము ఉండవలెనను కొత్త పంథా పుట్టెను. దీనినే నవ్యప్రాచీన రీతి అందురు. లెదూ ఈ రీతిలోనివాడే గాని అనుకరణముతో తృప్తిపడినవాడు కాడు. చతురస్రము, వృత్తము, గోళము, స్తూపము అను మూలాకృతులను పట్టుకొని, వాటిని బరువుగా, గంభీరముగా నిలబెట్టుట అతని ప్రత్యేకత.

ఇక ఉప్పుకథ. నాటి ఫ్రాన్సులో ఉప్పుపైన గబెల్ అను పన్ను కలదు. సీమసీమకు రేటు వేరు. కొన్ని సీమలలో ఎనిమిదేండ్లు దాటిన ప్రతి ప్రాణియు ఏటేట ఇంత ఉప్పు రాజు కొటారునుండి కొనియే తీరవలెనను నిర్బంధము ఉండెను. దొంగతనముగా ఉప్పు తెచ్చి అమ్మువారికి ఓడలలో తెడ్లువేయు కఠినశిక్ష పడెడిది. ఈ పన్నును రాజు స్వయముగా వసూలు చేయువాడు కాడు. ధనికుల కూటమి ఒకటి రాజునకు ముందుగా సొమ్ము చెల్లించి, వసూలు హక్కును ఇజారాకు తీసికొనెడిది. ఇజారా అన్న మాట మన గుంటూరు సీమ పెద్దలకు కొత్తది కాదు. ఇచ్చినదానికంటె ఎంత ఎక్కువ రాబట్టిన అంత లాభము. ఆ లాభమునకు కాపలా కావలెను. కాపలాకు గోడలు కావలెను. గోడలకు స్థపతి కావలెను. 1771లో లెదూ లొరేను, ఫ్రాంష్ కొంతే సీమల ఉప్పుకొటార్లకు తనిఖీదారుగా నియమింపబడెను.

ఫ్రాంష్ కొంతే సముద్రమునకు బహుదూరము. అచ్చట ఉప్పు భూగర్భమున నున్నది. సలెన్ అను ఊరిలో ఉప్పునీటి ఊటలు కలవు. ఎండ చాలని దేశమగుటచేత ఆ నీటిని పెద్ద ఇనుప పళ్ళెములలో పోసి, క్రింద కట్టెలమంట పెట్టి మరిగించి ఉప్పు తీయవలెను. ఇట్లు శతాబ్దములు కాచుటచేత ఊరిచుట్టు అడవులు తరిగిపోయెను. దూరమున షో అను మహారణ్యము మిగిలియుండెను. అడవిని బండ్లకెత్తి ఊటకడకు తెచ్చుటకంటె, ఊటనీటినే అడవికడకు నడిపించుట మేలని పెద్దలు నిర్ణయించిరి. 1773 ఏప్రిల్ 29వ తేదీన రాజాజ్ఞ వెలువడెను. ఆర్క్, సెనాన్ అను రెండు పల్లెల నడుమ స్థలము కుదిరెను. దేవదారు జాతి మ్రాకులను తొలిచి, ఒకదానికొకటి అతికి గొట్టములు చేసి, భూమిలో పాతి, 21 కిలోమీటర్లు, అనగా మన లెక్కలో ఒకటిన్నర ఆమడకు పైగా, ఆ ఉప్పునీటిని పారించిరి. వచ్చిన నీటిని తొలుత సుమారు 500 మీటర్ల పొడవైన కొయ్యచట్రముపైనుండి ముళ్ళకంపలమీదుగా చుక్కచుక్కగా జార్చెడివారు. గాలికి కొంతనీరు ఇగిరిపోయి, మిగిలినది చిక్కబడెడిది. అటుపై పళ్ళెములలో కాచెడివారు. వంటచెరకు పొదుపు చేయుటకే ఇంత ఉపాయము.

లెదూ తొలుత చతురస్రముగా ఒక పటము వ్రాసెను. దానినిండ స్తంభముల వరుసలు. ఉప్పుకొటారునకు ఇన్ని స్తంభములేల, ఇవి రాజగృహములకును దేవాలయములకును తగినవిగదా అని అభ్యంతరము వచ్చెను. ఆ పటము త్రోసివేయబడెను. రెండవ పటము అర్ధవృత్తము. 1775లో పని ప్రారంభమై 1779 నాటికి ముగిసెను. అర్ధవృత్తపు వ్యాసము 370 మీటర్లు. వ్యాసరేఖ నట్టనడుమ అధికారి భవనము. దాని స్తంభములు చూడదగినవి: ఒక గుండ్రని రాయి, దానిపై ఒక పలకరాయి, మరల గుండ్రనిది, మరల పలకది, ఇట్లు పేర్చుకొనిపోయిన వరుస. ఎండ మారినకొలది నీడ మారుచు ఆ స్తంభములు ప్రాణమున్నవానివలె తోచును. అధికారి భవనమునకు ఇరుపక్కల ఉప్పు కాచు రెండు పెద్దశాలలు. చాపమువెంట పీపాలు చేయువారికిని, కమ్మరులకును, తక్కిన పనివారికిని ఇండ్లు. చాపము నడుమ ముఖద్వారము. బలమైన స్తంభములు దాటి లోనికి పోగానే, కొండగుహవలె మలచిన మొరటురాళ్ళు ఎదురగును. గోడలలో రాతికుండలు వంచినట్లు చెక్కి, వాటి మూతులనుండి చిక్కని ఉప్పునీరు కారి గడ్డకట్టినట్లు శిలయందే చూపించెను. లోన జరుగు పనియేదో వాకిటనే తెలియుటకు ఇది ఉపాయము.

పనివారి ఇండ్ల విషయమున అతడు చేసిన ఆలోచన మెచ్చదగినది. ఒక్కొక్క కట్టడము నడుమ అందరికి ఉమ్మడిగా పెద్ద పొయ్యిగల శాల. దాని ఇరుపక్కల కుటుంబములకు గదులు. వెనుక కూరలు పండించుకొనుటకు పెరడు. కూలివాని ఇంటికి రాజభవనమునకు కొలిచినంత శ్రద్ధగా కొలతలు వేసిన స్థపతులు ఆ కాలమున అరుదు. కాని దీనికి రెండవపక్క కూడ కలదు. ఆ పెరడులవెనుక ఎత్తైన ప్రహరి. ఆ ప్రహరికి ఒకే వాకిలి. వాకిటిలోనే కావలివాండ్ర గది, రొట్టెలపొయ్యి, వాటితోపాటు చెరసాల. నడుమనున్న అధికారి భవనమునుండి చూచినచో ఎవడు ఎక్కడికి పోవుచున్నాడో తెలియును. పిడికెడు ఉప్పయినను ఒడిలో కట్టుకొని పోరాదు. ఆదరమును, అనుమానమును ఒకే పటములో గీయబడినవి.

అటుపై లెదూ బెజాంసోన్ పట్టణమున ఒక నాటకశాల కట్టెను. అది 1784లో తెరువబడెను. అంతకు పూర్వము నాటకశాలలలో క్రిందిభాగమున సామాన్యులు గంటలకొలది నిలిచి చూడవలెను. పెద్దలు గూళ్ళవంటి అరలలో కూర్చుండి ఒకరినొకరు చూచుకొనువారు. లెదూ ప్రాచీన రోమను ప్రదర్శనశాలల తీరున మెట్లు వంపుగా తీర్చి, సామాన్యులకును కూర్చుండుటకు చోటిచ్చెను. వాద్యగాండ్రను రంగస్థలము ముందర పల్లములో కూర్చుండబెట్టి చూపునకు అడ్డు లేకుండ చేసెను. ఈ శాల లోపలిభాగము 1958లో అగ్నికి ఆహుతియయ్యెను. వెలుపలి స్తంభపంక్తి నిలిచియున్నది.

ఇంత పేరు సంపాదించిన పిదప అతని చేతికి వచ్చిన పని అతని పేరునకే ముప్పు తెచ్చెను. పారిసులోనికి వచ్చు ద్రాక్షసారాయి, మాంసము, కట్టెలు మొదలగువానిపై నగరసుంకము కలదు. సందుగొందులవెంట సరుకు దొంగతనముగా చొరబడుచున్నదని ఇజారాదారులు గోల పెట్టిరి. నగరముచుట్టు గోడ కట్టవలెనని వారిలో ఒకడైన లవ్వాజియే సూచించెను. ఇతడు రసాయనశాస్త్రమున మహామేధావి. ప్రాణవాయువునకు ఆక్సిజన్ అను పేరు పెట్టినవాడు. 1785 ప్రాంతమున పని మొదలయ్యెను. గోడ పొడవు సుమారు 24 కిలోమీటర్లు. యాభైకి పైగా వాకిళ్ళు. ప్రతి వాకిటను ఒక సుంకపుఠాణా. ఆ ఠాణాలకు లెదూ గోపురములు, గుండ్రని మండపములు, గ్రీకుగుడుల ముఖములు, బరువైన స్తంభములు పెట్టెను. వాటిని నగరమునకు సింహద్వారములు చేయవలెనని అతని కోరిక.

ప్రజలు మాత్రము వాటిలో సింహద్వారములను చూడలేదు. గోడవెలుపల చౌకగా దొరకు పానీయము గోడలోపల ప్రియమయ్యెను. నగరమునకు ఊపిరాడుటలేదని జనులు గొణిగిరి; శ్లేషలు కట్టి నవ్విరి. కట్టుబడికి అయిన వ్యయమును చూచి ప్రభుత్వమువారే వెరగుపడిరి. లెదూ పనినుండి తొలగింపబడెను. 1789వ సంవత్సరము జూలై నెలలో, బాస్టీలు కోట పడుటకు రెండుదినములు ముందుగనే, జనులు ఈ సుంకపుఠాణాలమీద పడి చాలవానికి నిప్పుపెట్టిరి. ఫ్రెంచి విప్లవపు తొలిమంటలలో కొన్ని లెదూ కట్టిన కప్పులమీద లేచినవే.

రాజోద్యోగమున పెరిగినవాడని, ఇజారాదారుల స్థపతియని, 1793 నవంబరులో అతనిని చెరపట్టిరి. లవ్వాజియేను మరి 27 మంది ఇజారాదారులతోకూడ 1794 మే 8వ తేదీన శిరచ్ఛేదము చేసిరి. లెదూ తల దక్కినది. 1795 ఆరంభమున విడుదలయ్యెను. కాని మరల పెద్ద కట్టడమేదియు వాని చేతికి రాలేదు. చేతికి పని లేనప్పుడు అతడు కాగితమును ఆశ్రయించెను. ఆర్క్ ఎ సెనాన్ అర్ధవృత్తమును పూర్ణవృత్తముగా ఊహించి, దానిచుట్టు షో అను ఆదర్శనగరమును పటములలో కట్టెను. అందు వడ్రంగికి, కట్టెలు కొట్టువానికి, నదిని కనిపెట్టువానికి వారివారి వృత్తి తెలియునట్లు ఇండ్లు కలవు. నదీపాలకుని ఇంటినడుమనుండి నదియే దూకి పారుచుండును. అందే మరియొక చిత్రము: ఒంటిపై బట్టలేని పేదవాడు చెట్టుక్రింద కూర్చుండి ఆకాశమువైపు చేతులు చాచుచుండగా, మేఘములలో దేవతలు కొలువుతీరియుందురు. పేదవాని నీడ యిదియే అని దాని భావము. 1804లో ఆ గ్రంథపు మొదటి సంపుటమును తన ఖర్చుతో అచ్చొత్తించెను. 1806 నవంబరు 18వ తేదీన పారిసులో మరణించెను.

ఆ సంవత్సరములను మన సంవత్సరములతో కలిపి చూడుడు. గుంటూరు సర్కారు 1788లో ఇంగ్లీషు కుంఫిణీ వశమయ్యెను. 1798లో హైదరాబాదు నైజాము కొలువున సేనాధిపతియైన రేమండు అను ఫ్రెంచివాడు మరణింపగా, వాని సమాధియొద్ద ఆ నవ్యప్రాచీన రీతినే అనుసరించి నిడుపైన శిలాస్తంభమును, గ్రీకు తీరు మండపమును నిలిపిరి. ఆ మండపము 2001లో కూలగా తిరిగి నిలబెట్టిరి. ఆ నగరముననే ఇంగ్లీషు రెసిడెంటు భవనమును అదే రీతిలో సామ్యూల్ రస్సెల్ అను కుంఫిణీ ఇంజనీరు 1803 ప్రాంతమున ఆరంభించెను. అది 1949లో మహిళా కళాశాలయైనది. ఇక మన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు లెదూ మరణించిన మరుసటి యేడే మంగళగిరి గోపురమునకు పూనుకొని, 1809 నాటికి పదునొకండు అంతస్తులుగా ముగించెను. ఒకే కాలము, రెండు దేశములు, రెండు శాస్త్రములు. ఉప్పుమాట కూడ అట్టిదే. 1805లో చెన్నపట్టణపు ప్రభుత్వము ఉప్పును తన గుత్తసొత్తుగా చేసికొనెను. ఫ్రాన్సున విప్లవము 1790లో తీసివేసిన ఉప్పుపన్నును నెపోలియను 1806లో, లెదూ మరణించిన యేటనే, తిరిగి విధించెను. మనకు ఆ పన్ను 1930లో మహాత్ముడు దండికి నడచిన పిమ్మట, మరి పదునేడేండ్లకు, 1947లో తొలగినది.

ఇప్పుడు మరల మన తీరమునకు వత్తము. లెదూకు అయిదు శతాబ్దములకు పూర్వము, 1244లో, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లిలో ఒక శాసనము నిలిపెను. తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో పూర్వరాజులు దానిని పట్టుకొనువారు. తాను ధర్మమునకు కట్టుబడి విడిచిపెట్టుచున్నానని అభయమిచ్చెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒకవంతని తేల్చి చెప్పెను. అది ఎత్తైన కట్టడము కాదు. అక్షరములు చెక్కిన శిల. దానిని తగులబెట్టవలెనని ఎవరికిని తోచలేదు. 1358లో రెడ్డిరాజులు అదే రేవున అట్టి అభయమునే మరల ప్రకటించిరి. సుంకము రెండుచోట్లను కలదు. ఎంత తీసికొందురో ముందుగా చెప్పి మాటకు నిలుచుట ఒకచోట, ఎంతైన రాబట్టుటకు గోడ కట్టుట మరియొకచోట.

ఇంకొక ఊరు కూడ జ్ఞప్తికి వచ్చుచున్నది. చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘము చేసి పన్నులు పెంచగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది జనులు కట్టుకొన్న ఇండ్లను విడిచి, ఊరివెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరుపెట్టి నెలలతరబడి నివసించిరి. ఎండకు ఎండిరి, వానకు తడిసిరి. ఆ ఊరికి స్థపతి లేడు, పటము లేదు, రాతిస్తంభము లేదు. అయినను లెదూ కాగితముపై వెదకిన ఉమ్మడిబ్రతుకు ఆ తాటాకు పాకలలో కొన్నాళ్ళు నడచినది. గోడ కట్టి జనులను లోపల నిలుపగలరు గాని, జనులు వెడలిపోదలచినప్పుడు గోడలు వట్టి మన్నే.

అట్లని లెదూను నిందించి ఊరకుండుట న్యాయము కాదు. ఆర్క్ ఎ సెనాన్ కొటారు 1895లో మూతపడెను. 1918లో అధికారి భవనము కాలెను. 1926లో ఆ భవనమున కొంతభాగమును స్వంతదారులే మందుగుండుతో పేల్చిరి. మరుసటి సంవత్సరమే జిల్లా సంఘమువారు దానిని కొని కాపాడ పూనుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941 నుండి 1943 వరకు, దేశదిమ్మరులైన జిప్సీ కుటుంబములను ఆ ప్రహరిలోపలనే నిర్బంధించిరి. దొంగ ఉప్పును ఆపుటకు కట్టిన గోడ మనుష్యులను ఆపుటకు అక్కరకు వచ్చెను. 1982లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. పారిసు గోడను 1860లో పడగొట్టిరి; లెదూ ఠాణాలలో నాలుగుచోట్ల మాత్రమే కట్టడములు మిగిలినవి. వాటిలో ఒకటి 2019 నుండి పారిసు విముక్తిని గూర్చిన వస్తుప్రదర్శనశాలగా నున్నది. సుంకము పోయెను, ఇజారాదారుడు పోయెను; రాతిపనితనము మిగిలెను. నేడు దానిని చూడబోవువారికి కోపము రాదు. ఏలయన, పన్ను కట్టినవారు వారు కారు.

పెద్దలారా, మన ఊళ్ళలో మీ మాటమీదనే ఒక చావడియో, బడియో, సత్రమో, గుడిప్రాకారమో లేచుచుండును. మేస్త్రీని పిలిచి, స్తంభమెంత ఎత్తు, కమానెంత వెడల్పు అని మనమడుగుదుము. అది అడుగవలసినదే. లెదూ చరిత్రము మరి రెండు ప్రశ్నలు కూడ అడుగుమనుచున్నది. ఈ కట్టడమునకు ఎవరి రొక్కము పోవుచున్నది? దీని వాకిలి ఎవరికి తెరచియుండును? ఈ రెంటికి ఊరిలో అందరియెదుట చెప్పదగిన సమాధానమున్నచో, తాటాకు పందిరియైనను నాలుగు తరములు తలచుకొందురు. లేనిచో ఎంత చక్కని స్తంభమైనను మంటకు అడ్డము రాదు.

సెలవు.